కోసిన ఐదు కిలోలు

పాతపట్నం
12-6-1968

ఉమాపతీ,

మీ మావ జగన్నాధం రాస్తున్నాడు. నా ఒళ్ళు బాగుంది. కొండ మీద జీలుగువలసలో మీ అమ్మ కూడా బాగుంది. మొన్న గురువారం చూశాను. గోగుకూర ఇచ్చింది. నీకు పంపమంది. విజయనగరం చేరేసరికి అది కూరగా ఉండదని నేనే తినేశాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇంజను వెనకాల ఉండే ఫ్లైవీలు చక్రాన్ని లేతు మిషను మీద కోసి తేలిక చేస్తే బండి చురుగ్గా లేస్తుందని రాశావు. నువ్వు లేతు ముందు నిలబడి ఆరేళ్ళు. నేను ఈ అద్దెమోటారు స్టీరింగు పట్టి ఇరవై ఏళ్ళు. ఆ బండిని తయారుచేసినవాడు తెలివితక్కువవాడా? అంత బరువు ఊరికే పెట్టాడా? తిరగలి పైరాయి బరువుగా ఉంటేనే పిండి పడుతుంది. తేలికరాయి తొందరగా తిరుగుతుంది, గింజ అడ్డం రాగానే ఆగుతుంది. ఇది మీ అమ్మకి కూడా తెలుసు.

మీ అమ్మ ఊరికి ఎక్కే ఎర్రమెట్ట సంగతి నీకు తెలుసు గదా. ఇదివరకు ఆ దారిన తిరిగిన డ్రైవర్లంతా మెట్ట అడుగున బండి ఆపి మగవాళ్ళని దించి నడిపించేవారు. ఆడవాళ్ళూ మూటలూ మాత్రం బండిలో ఉండేవి. పైకెళ్ళాక మళ్ళీ ఎక్కించుకునేవారు. అది ఆ దారి పద్ధతి. నా బండిలో ఎక్కినవాడు ఏనాడూ దిగి నడవలేదు. అందుకే వాళ్ళంతా మానుకున్నారు, నేనొక్కణ్ణే మిగిలాను. జీలుగువలసకి ఎక్కే మోటారు ఇవాళ నాది ఒక్కటే.

ఇదంతా ఎందుకు రాశానంటే, ఉగాది నుంచి ఇక్కడొక కొత్త బస్సు తిరుగుతోంది. మెట్ట ఎక్కదు. అడుగునున్న సంత దాకానే. కాని రైలు దిగిన జనాన్ని ముందు అదే తోడేస్తోంది. స్టేషను దగ్గర ఇద్దరం ఒకేసారి కదులుతాం. దారిలో ఎవడు ముందుంటే జనం వాడి బండిలో ఎక్కుతారు. బస్సు డ్రైవరు పోతురాజని ఒకడు. నన్ను దాటేటప్పుడు తల బయట పెడతాడు.

"ఏటి మావా, బండికి మేత ఎయ్యలేదేటి? కదల్డానికే జాము పడతన్నాది!"

అందుకని అడుగుతున్నాను. నువ్వు రాసింది నిజమేనా, లేక ఎక్కడో చదివి రాశావా?

మీ మావ,
జగన్నాధం


విజయనగరం
18-6-1968

మావకి ఉమాపతి దండాలు.

గోగుకూర నువ్వు తినేసినందుకు కోపం లేదు. అబద్ధం చెప్పకుండా రాశావు, అదే చాలు.

నేను చదివిందీ నిజమే, చూసిందీ నిజమే. మా షాపు షావుకారు వెంకటరావు గారి దగ్గరకి కలకత్తా నుంచి ఒక మోటారు వచ్చింది. పందేల్లో తిప్పిన బండి. దాని ఫ్లైవీలు విప్పి నా చేతులతో తూచాను. ఆ సైజు చక్రం ఉండాల్సిన బరువులో సగమే ఉంది. యాక్సిలేటరు మీద కాలు ఆనిస్తే చాలు, ఇంజను ఉలిక్కిపడి లేస్తోంది.

నాకు అర్థమైనంత రాస్తాను. ఇంజను బండిని లాగే ముందు తన చక్రాన్ని తాను తిప్పుకోవాలి. వేగం అందుకునే ప్రతిసారీ దాని బలంలో కొంత ఆ ఇనుముని తిప్పడానికే పోతుంది. ఇనుము తగ్గితే ఆ ఖర్చు తగ్గుతుంది. బలం పెరగదు మావా, ఆ మాట ముందే చెబుతున్నాను. ఉన్న బలం తొందరగా చేతికొస్తుంది, అంతే. తిరగలి లెక్క కూడా కొట్టిపారేయను. అందుకే ఎంత కోయాలన్నది ముఖ్యం. దానికి నీ నుంచి రెండు సంగతులు కావాలి. బండిలో మామూలుగా ఎంతమంది ఎక్కుతారు? మెట్ట మీద ఏ గేరులో, ఎంత వేగంతో వెళతావు?

ఇందులో నా స్వార్థం కూడా ఉంది, దాచను. ఆరేళ్ళుగా ఈ షాపులో నేను కోస్తున్నది ఒకటే బుష్షు, ఇరుసుకి తొడిగే చిన్న ఇత్తడి గొట్టం. పొద్దున్న నాలుగు పదులు, మధ్యాహ్నం నాలుగు పదులు. కళ్ళు మూసినా అదే కనిపిస్తోంది. ఫ్లైవీలు పని నాకు అప్పగించమని షావుకారిని అడిగాను. ఆయన నవ్వి, "ఎవడైనా డ్రైవరు ఈ పని బాగుందని కాగితమ్మీద రాసిస్తే అప్పుడు చూద్దాం. నోటి మాట నాకొద్దు" అన్నాడు. నాకు తెలిసిన డ్రైవరువి నువ్వొక్కడివే. నీ మాటకి ఈ జిల్లాలో విలువుంది.

అమ్మ కళ్ళు ఎలా ఉన్నాయో ఈసారి రాయి.

నీ మేనల్లుడు
ఉమాపతి


పాతపట్నం
24-6-1968

ఉమాపతీ,

చక్రం విప్పాను. గోనెలో కుట్టి మన చిన్నరైలు గార్డుకి అప్పగించాను. నౌపడాలో పెద్దరైలుకి మారుతుంది. స్టేషనుకెళ్ళి తెచ్చుకో. పన్నెండు వీసెలు తూగింది. మీ కిలోల్లో నువ్వు చూసుకో.

ఎంతమంది ఎక్కుతారని అడిగావు. పర్మిటులో ఐదుగురని ఉంది. ఐదుగురే.

మెట్ట ఎలా ఎక్కాలో నాకు చెప్పొద్దు. నేను ఎక్కేటప్పుడు నీకు పాలపళ్ళు కూడా ఊడలేదు. మొదటి గేరులో మెల్లగా, ఇంజనుని ఊపిరి తీసుకోనిస్తూ ఎక్కుతాను. అరిపించను. బండిని అరిపించేవాడు డ్రైవరు కాదు.

తొందరగా పంపు. బండి లేక అరుగు మీద కూర్చుంటే దారిన పోయే ప్రతివాడూ ఏటైందని అడుగుతున్నాడు.

మీ అమ్మ కళ్ళు మసగ్గా ఉన్నాయంది. సూదిలో దారం పక్కింటి పిల్లచేత ఎక్కించుకుంటోంది. మిగతాదంతా బాగుంది.

జగన్నాధం


విజయనగరం
8-7-1968

మావా,

చక్రం రైలుకి వేశాను. ఈ ఉత్తరం కంటే ముందే చేరుతుంది.

పదిహేడు కిలోలుండేది. పన్నెండు చేశాను. వెనక మొహాన అంచు పొడవునా కోశాను, ఎందుకంటే అంచున ఉన్న బరువే ఎక్కువ బరువు. ఐదుగురే అని నువ్వు రాశావు గనక ధైర్యంగా ఐదు కిలోలు తీశాను. ఎక్కువమంది అయితే రెండు మించి తీసేవాణ్ణి కాదు. ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా పట్టింది. షావుకారు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. చక్రం ఒక పక్కకి తూగకుండా కత్తి అంచుల్లాంటి రెండు పట్టీల మీద పెట్టి తిప్పి చూశాను. ఎక్కడ ఆపితే అక్కడే ఆగింది. నా జీవితంలో ఇంత శుభ్రమైన పని చెయ్యలేదు.

ఒక్కమాట. మెల్లగా పోయేటప్పుడు ఇంజను ఇదివరకంత నిలకడగా ఉండదు. కొంచెం ఎక్కువ పెట్రోలివ్వాలి, కొంచెం అరిపించాలి. నీకు నచ్చదని తెలుసు. అయినా అలవాటు చేసుకో.

బాగుంటే రాయి. బాగోకపోయినా రాయి.

ఉమాపతి


పాతపట్నం
20-7-1968

ఉమాపతికి జగన్నాధం రాసి ఇచ్చేది ఏమనగా,

నా మోటారుకి మా మేనల్లుడు ఉమాపతి ఫ్లైవీలు కోసి ఇచ్చాడు. బండి ఇదివరకటి కంటే బహు చురుగ్గా ఉంది. స్టేషను దగ్గర క్లచ్చి వదలగానే దూకుతోంది. కొత్త బస్సుని మొదటి మైలురాయి దగ్గరే దాటేశాను. ఎవరైనా ఈ పని చేయించుకోవచ్చు. పని శుభ్రం.

ఈ పైది మీ షావుకారికి చూపించు. కిందిది నీకు.

పోతురాజు మొహం చూడాల్సింది. హారను కొట్టుకుంటూ వెనక మిగిలిపోయాడు. సంత దగ్గర దిగి వచ్చి బానెట్టు మీద చెయ్యేసి చూశాడు.

"మావా, ఇంజను మార్సీసినావేటి? ఎక్కడ దొరికినాది?"

"మార్సలేదు. మేత ఏసినాను" అన్నాను.

టీకొట్టు దగ్గర వాళ్ళంతా నవ్వారు. నీ పేరు చెప్పాను. విజయనగరంలో మా మేనల్లుడని చెప్పాను. నలుగురిలో చెప్పాను.

మెట్ట సంగతి ఏం రాయను. మెట్ట మెట్టే.

జగన్నాధం


విజయనగరం
10-8-1968

మావకి దండాలు, దండాల మీద దండాలు.

నీ కాగితం షావుకారు రెండుసార్లు చదివించుకుని, జిగురు తెప్పించి, షాపు గుమ్మం పక్క గోడకి తన చేత్తోనే అంటించాడు. వచ్చినవాడల్లా చదువుతున్నాడు. సోమవారం నుంచి బుష్షుల దగ్గర ఇంకొకణ్ణి నిలబెట్టాడు. ఇప్పుడు నా లేతు వేరు, నా మూల వేరు. ఆ మూలలో కిటికీ ఉంది మావా. ఆరేళ్ళ తర్వాత పనిచేస్తూ రోడ్డు చూస్తున్నాను.

చీపురుపల్లి సోములు గుర్తున్నాడా, మన దూరపు చుట్టం? ఒక వ్యాపారి దగ్గర వ్యాను తోలుతున్నాడు. మీ వైపు సంతలకి ఉప్పు, కిరసనాయిలు తెస్తాడు. వాడొచ్చి గోడ మీద నీ కాగితం చదివాడు. "జగన్నాధం మావే రాసినాడంటే ఇంకేటి కావాల? నాదీ కొయ్యి" అన్నాడు. వచ్చే వారం విప్పుతాను.

ఇంకొక సంగతి. అమ్మ ఊళ్ళో బడి మాస్టారి చేత కార్డు రాయించింది. నువ్వు మెట్టెక్కి ఆరు వారాలైందట. దారిలో తూము కుంగిందని ఊళ్ళో అనుకుంటున్నారట. నిజమేనా? ఎప్పుడు బాగు చేస్తారట? ఆమెకి కిరసనాయిలు అయిపోయిందట, తెచ్చిపెట్టే మనిషి కూడా లేడట. వాళ్ళ ఊరివాళ్ళంతా మూటలు నెత్తిన పెట్టుకుని దిగుతున్నారట.

ఉమాపతి


పాతపట్నం
19-8-1968

ఉమాపతీ,

తూము కుంగింది. వానలకి. బాగు చేసేవాళ్ళు వాళ్ళ తీరికని బట్టి వస్తారు. నేనేం చెయ్యను, నెత్తిన పెట్టుకుని ఎత్తనా?

కిరసనాయిలు మనిషి చేత పంపాను. ఉప్పు కూడా పంపాను. ఆమెకి ఏ లోటూ లేదని నేను రాస్తే నమ్మాలి.

సోములు చక్రం గురించి తొందరపడకు. వాడి బండి వేరు, నా బండి వేరు. కొన్నాళ్ళు ఆగు. ఎందుకని అడగొద్దు. పెద్దవాణ్ణి, ఆగమంటే ఆగాలి.

జ్వరం వచ్చి తగ్గింది. మరేం లేదు.

జగన్నాధం


విజయనగరం
5-9-1968

మావకి,

ఈ ఉత్తరం రాయకూడదని మూడు రోజులు ఆగాను.

మీ దారి మీద పనిచేసే రోడ్డు మేస్త్రీ మొన్న సోమవారం మా షాపుకి వచ్చాడు. తూము సంగతి అడిగాను. "ఏ తూము? ఎర్రమెట్ట మీద తూములన్నీ గట్టిగానే ఉన్నాయే" అన్నాడు. నేను తల దించుకున్నాను. నా మేనమామ నాకు అబద్ధం రాశాడని ఆయన ముందు ఎలా చెప్పను?

ఎందుకు మావా? ఉగాదికి అమ్మ నిన్నేమందో నాకు తెలుసు. "ముసిలోడివైపోనావు అన్నియ్యా, బండి మానీసి నా దగ్గరికొచ్చి ఉండిపో" అందట. ఆ మాట పట్టుకున్నావా? దానికి రెండు నెలలు చెల్లెలి గడప తొక్కవా? బస్సుని దాటుతున్నావు, టీకొట్టు దగ్గర జనాన్ని నవ్విస్తున్నావు. ఉన్న ఒక్క చెల్లెలు మసక కళ్ళతో మెట్ట మీద కూర్చుని నీ హారను కోసం చూస్తోంది. సోములుని ఆగమన్నావు. అదీ అర్థమైంది. నీ బండిలాంటిది ఇంకొకటి ఉండకూడదు, అంతేగా?

ఇక నువ్వు ఎక్కక్కర్లేదు. సోములు చక్రం కోసేశాను. నీదే అంత బాగా వచ్చింది గదా అని వాడిది ఏడు కిలోలు తీశాను. పన్నెండో తేదీ గురువారం వాడు సంతకి వస్తాడు. అక్కణ్ణుంచి మెట్టెక్కి, అమ్మనీ ఆమె సామాన్లనీ ఎక్కించుకుని దింపుతాడు. ఆమె ఇక నా దగ్గరే ఉంటుంది. షావుకారు సెలవివ్వలేదు, అందుకే నేను రావడం లేదు. కిటికీ అయితే ఇచ్చాడు గాని తలుపు ఇవ్వలేదు.

నీకు తెలియాలని రాశాను. జవాబు అక్కర్లేదు.

ఉమాపతి


జీలుగువలస
15-9-1968

ఉమాపతీ,

జవాబు అక్కర్లేదన్నావు. అయినా రాస్తున్నాను. మొత్తం చదువు. మధ్యలో చింపేయకు.

మీ అమ్మ బాగుంది. ఇక్కడే ఉంది. నేనూ ఇక్కడే ఉన్నాను. సోములు బాగున్నాడు. ముందు అది తెలుసుకుని తర్వాత చదువు.

నా బండి ఎర్రమెట్ట ఎక్కదు. జూలైలో చక్రం బిగించిన మొదటి గురువారం నుంచే ఎక్కదు. ఆ రోజు బండిలో పదకొండుగురున్నారు. ఎప్పుడూ అంతే. లోపల ఎనిమిది మంది, ఫుట్‌బోర్డు మీద ముగ్గురు, వెనక ఉప్పు బస్తాలు. నీకు ఐదుగురని రాశాను. పర్మిటు మాట కాగితమ్మీద వేరే ఎలా రాస్తాం, పోస్టువాళ్ళు చదవరా? అది ఒక కారణం. రెండోది, పదకొండుగురని రాస్తే నువ్వు కొయ్యవని భయం. పోతురాజుని దాటాలని ఉంది నాకు.

మొదటి వంపు బాగానే ఎక్కింది. రెండో వంపులో ఎప్పట్లాగే మెల్లగా వదిలాను. ఇదివరకు అక్కడ ఇంజను తడబడితే వెనకాల ఆ బరువు చక్రం దాచుకున్న ఊపే దాన్ని ముందుకు నెట్టేది. నాకది తెలీదు. ఇరవై ఏళ్ళూ నా కాలి గొప్పతనమే అనుకున్నాను. ఆ రోజు ఇంజను నాలుగుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. బండి రెండు బండ్ల పొడవు వెనక్కి జారింది. బ్రేకు పట్టేసరికి వెనక చక్రం అంచురాయికి ఆనుకుంది. అవతల లోయ. ముందు సీట్లో దుంపల తవిటమ్మ ఉంది.

"బావా, బండి యెనక్కి పోతన్నాదేటి?"

"దారి సూసుకుంతన్నాను, మాటాడకు" అన్నాను.

అందరూ దిగారు. నా బండిలోంచి జనం దిగి నడవడం అదే మొదలు. నువ్వు చెప్పినట్టు అరిపించి చూశాను. క్లచ్చి ప్లేటు కాలిన వాసన కొట్టింది. వెనక్కి దింపేసి, తూము కుంగినట్టుంది, అందుకే ఆపేశానన్నాను. వాళ్ళు నమ్మారు. నేను చెబితే నమ్ముతారు గదా.

ఆ తర్వాతే నీకు ఆ కాగితం రాశాను. రాసిన మాటలన్నీ నిజాలే. రాయనిదే మెట్ట. రాస్తే నీకు బుష్షులే గతి. రాయకపోతే నాకు తూమే గతి. తూము ఎంచుకున్నాను.

ఖాళీ బండి ఎక్కుతుంది. ఒకరోజు తెల్లవారుతుండగా ఎక్కి చూశాను కూడా, మూడో వంపు దాకా. మీ అమ్మ దగ్గరకి అలాగే వెళ్ళొచ్చు. కాని అడుగున జనం కూర్చుని ఉంటారు. నేను ఖాళీగా ఎక్కితే మమ్మల్నెందుకు దించావంటారు. ఐదుగురితో ఎక్కుతుందేమో నాకు తెలీదు. ఐదుగురితో నేనెప్పుడూ ఎక్కలేదు. ఎటు తిరిగినా నా మాటే నాకు అడ్డం వస్తోంది. సంత దాకా తోలి, అక్కడ బండి తిప్పి, మెట్ట వంక చూడకుండా వచ్చేవాణ్ణి. రెండు నెలలు అలాగే గడిచింది.

నీ ఉత్తరం మంగళవారం సాయంత్రం వచ్చింది. ఏడు కిలోలన్న చోట చదవడం ఆగిపోయింది. బుధవారం పొద్దున్నే తంతి ఆఫీసుకెళ్ళాను. కాగితం తీసుకున్నాను. ఏం రాయాలి? సోములు బండి మెట్ట ఎక్కించొద్దని రాస్తే ఎందుకని తంతి బాబు అడుగుతాడు. మధ్యాహ్నానికి ఊరంతా అడుగుతుంది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఇది కూడా దాచకుండా రాస్తున్నాను. మీ అమ్మ ఆ వ్యానులో కూర్చుంటుందని తెలిసి కూడా వచ్చేశాను. ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

గురువారం పొద్దున్నే ఖాళీ బండితో బయల్దేరి రెండో వంపులో దారికి అడ్డంగా పెట్టాను. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఎడ్లబండి పడుతుంది, మోటారు పట్టదు. గేరులో పెట్టి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, తలుపులకి తాళం వేసి మెట్ట అడుగుకి నడిచి దిగి కూర్చున్నాను. తొమ్మిది గంటలకి సోములు వచ్చాడు, పైన అడ్డంగా ఉన్న నా బండిని చూసి ఆగాడు. బండి నిండా ఉప్పు బస్తాలు, వాటి మీద జనం. చాలా రోజుల తర్వాత మోటారు ఎక్కుతోందని తెలిసి సంతలో ఉన్నవాళ్ళంతా వెనకాలే వచ్చారు.

"మావా, నీ బండి తియ్యి. నేను పైకెల్లాల."

"తియ్యను."

"ఏటి, ఈ దారి మీ బాబు ఏసినాడేటి?"

"ఎవుడు ఏస్తే నీకేటి? యెనక్కెల్లు."

"ఉమాపతి తల్లిని దింపమన్నాడు. నువ్వెలాగూ దింపవు, దింపినోణ్ణి ఆపతావేటి?"

పోతురాజు కూడా బస్సు ఆపి వచ్చాడు. "మావా, తూము కుంగినాదన్నావు గదా, ఏదీ, ఎక్కడా?" అని అటూ ఇటూ చూశాడు. అందరూ నవ్వబోయారు.

"తూముకేటీ అవలేదు. అబద్ధం సెప్పినాను" అన్నాను. "నా బండి మెట్టెక్కదు. ఫ్లైవీలు తేలికైపోనాది. మా మేనల్లుడు బాగానే కోసినాడు. ఐదుగురికి కొయ్యమన్నాను, పదకొండుగుర్ని ఎక్కించినాను. ఈడిది ఏడు కిలోలు తీసినాడు. ఈడు ఎక్కితే యెనక్కొస్తాడు. లోయలోకొస్తాడు."

ఎవరూ నవ్వలేదు. అదే కష్టమైంది. నవ్వితే తిట్టేవాణ్ణి.

సోములు నమ్మలేదు. నేనే చెప్పాను, జనాన్ని దించు, చక్రాల వెనక వెయ్యడానికి నలుగురి చేత రాళ్ళు పట్టించు, బస్తాలతో మొదటి వంపు ఎక్కి చూడమని. ఎక్కాడు. సగంలో ఇంజను కొట్టుకుని ఆగింది. వ్యాను వెనక్కి వచ్చింది. ముందుగా పోతురాజే చక్రం కింద రాయి వేశాడు. రెండో రాయికి ఆగింది. సోములు దిగి చాలాసేపు బానెట్టు పట్టుకుని నిలబడ్డాడు. పోతురాజు బీడీ ఇచ్చాడు. నేను కాల్చను. అయినా తీసుకున్నాను.

తర్వాత నడిచి మెట్టెక్కాను. అలా ఎక్కడం నాకు అదే మొదలు. మధ్యాహ్నం రెండైంది చేరేసరికి. మీ అమ్మ గుమ్మంలో కూర్చుని నా వంక చూసింది. దగ్గరకొచ్చే దాకా పోల్చలేదు.

"అన్నియ్యా? బండి సప్పుడు ఇనబడలేదే?"

"బండి కింద ఉన్నాది."

"నడిసొచ్చినావా?"

"నడిసొచ్చినాను."

"నడిసి రాగలిగినోడివి రెండు నెల్ల నుంచి రాలేదేటి?"

దీనికి జవాబు నీ దగ్గరుంటే రాయి. బండి ఎక్కకపోతే మనిషి కూడా ఎక్కకూడదని నాకెవడు చెప్పాడో నాకే తెలీదు.

మంచినీళ్ళిచ్చింది. చక్రం సంగతి అంతా అడిగి తెలుసుకుంది. తర్వాత, "కోసిన ఇనుం అతకదు గాని, నాటుబండి సక్రానికి పట్టా ఎక్కించినట్టు ఎక్కించలేరేటి? కాల్సి తొడిగితే సల్లారినాక అదే పట్టీసుకుంతాది గదా" అంది. లేతు ముందు నువ్వు ఆరేళ్ళు, స్టీరింగు వెనక నేను ఇరవై ఏళ్ళు. ఈ మాట మనిద్దరిలో ఎవరికీ తోచలేదు. అది కుదిరే పనో కాదో నువ్వు చూసి చెప్పు. కుదిరితే ముందు సోములు చక్రానికి ఎక్కించు. వాడు యజమానికి వాయిదా చెప్పలేడు, వాడిది వ్యాపారి బండి. బరువు నీ ఇష్టం. మనుషుల్ని మాత్రం పదకొండుగురని లెక్క వేసుకో.

మీ షావుకారికి ఈ ఉత్తరం చదివి వినిపించు. గోడ మీది కాగితం ఆయన చేతే పీకించు. నిన్ను మళ్ళీ బుష్షుల దగ్గర నిలబెడతాడని నాకు తెలుసు. కిటికీ పోతుందని తెలుసు. ఈ మూడు రోజులూ మీ అమ్మ గుమ్మంలో కూర్చుని ఇంకో దారి ఉందేమోనని వెతికాను. లేదు.

మీ అమ్మ విజయనగరం రానంటోంది. నేను చెప్పి చూశాను. "ఆడి మూల ఆడికే ఇరుకు, నేనెక్కడ పట్టను?" అంది. కళ్ళ డాక్టరుకి మాత్రం చూపించుకుంటానంది. దానికి దింపాలి. ఎవరు దింపుతారు? నా మోకాళ్ళు వాచిపోయాయి. గుమ్మం దాటితే గోడ పట్టుకోవాలి. ఎక్కడమైతే పౌరుషంతో ఎక్కాను. దిగడానికి అది పనికి రావడం లేదు.

ఈ ఉత్తరం మాస్టారి చేతికిస్తున్నాను, సంతకి దిగుతున్నాడు. ఆయన్ని రెండో వంపులో ఆగి చూడమన్నాను. బండి అక్కడే అడ్డంగా ఉంటుంది. నా బండి గనక ఎవరూ తొయ్యరు, నన్నడగకుండా ముట్టుకోరు. డాక్టరు బండి రావాలన్నా, సర్కారు జీపు రావాలన్నా ఈ ఊరికి ఇప్పుడు దారి లేదు. తాళం నా జేబులో ఉంది. నేను పైన ఉన్నాను.

షావుకారు తలుపివ్వకపోతే అడగకుండానే రా.

మీ మావ,
జగన్నాధం